వడ్డన వరసలో చివరి మనిషి

బందరు
9 జూన్ 2025

అక్కా,

నమస్కారం. ఉత్తరం చూసి కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. ఫోన్లో మాట నీ చెవికి సరిగా అందదు. నువ్వు "ఆ? ఆ?" అంటుంటే మీ కోడలు శ్రావ్య ఫోను అందుకుని నా మాటలన్నీ నీకు అరిచి చెప్తుంది. వీధంతా వినేలా చెప్పించుకునే సంగతులు కావివి. పైగా నా ఫోను పోయింది. అందుకే పోస్టాఫీసుకెళ్ళి కవర్లు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి నన్ను వింతగా చూసింది.

పెడనలో మా షెడ్డు తీసేశారు. నిరుడు బావగారి పెద్దకర్మకి వచ్చి వెళ్ళిన నెల తిరక్కుండానే జరిగింది. షావుకారు స్క్రీన్ ప్రింటింగు పెట్టుకున్నాడు. చేత్తో బట్టమీద అచ్చు కొట్టేవాళ్ళతో ఇక పనేముంది? నీ మరదలు పోయాక నేను పడుకుంటున్నది ఆ షెడ్డులోనే కదా. ఆయన్ని అని లాభం లేదు, వెళ్ళేటప్పుడు నాన్న అచ్చుల్లో ఒకటి తీసుకెళ్ళమన్నాడు. మామిడి పిందె అచ్చు తెచ్చుకున్నాను.

ఇప్పుడు బందరులో ఉన్నాను. ఇక్కడ నిరాశ్రయుల వసతి గృహమని గవర్నమెంటుది ఒకటుంది. బస్టాండులోనూ రైల్వేస్టేషన్లోనూ పడుకునేవాళ్ళని తెచ్చి చోటిస్తారు. నాకు ఒక మంచం, దుప్పటి, తాళం వేసుకునే పెట్టె ఇచ్చారు. రెండుపూటలా భోజనం ఉంది. మేనేజరు లావణ్య గారు మంచి మనిషి. నేనూ ఊరికే కూర్చోవడం లేదులే. గేటు చూస్తాను, మోటారు వేస్తాను, కొత్తవాళ్ళు వస్తే ఏది ఎక్కడుందో చూపిస్తాను.

చిరునామా కవరు వెనక రాశాను. వీలైతే నాలుగు ముక్కలు రాయి.

నీ తమ్ముడు
కాంతారావు

*

అవనిగడ్డ
20 జూన్

ఒరే కాంతారావూ,

చల్లగా ఉండరా నాయనా. నీ ఉత్తరం దేవుడి పటం దగ్గర పెట్టాను. ఇన్నాళ్ళకి నీకో గవర్నమెంటు నీడ దొరికింది! మంచం ఇచ్చి, పెట్టె ఇచ్చి, భోజనం పెట్టి, గేటు నీ చేతికి అప్పగించారంటే నువ్వంటే ఎంత నమ్మకం ఉండాలి? ఈ వయసులో ఎవరికిస్తారురా గవర్నమెంటు కొలువు? అంతా మీ బావగారి చలవ. పైనుంచి చూస్తున్నారు.

వెంటనే గుడివాడ ఫోన్ చేయించి మా వియ్యపురాలు రత్నకుమారి గారికి చెప్పాను. ఆవిడ తమ్ముళ్ళలో ఒకాయన ఇంజనీరు, ఒకాయన రైసుమిల్లు. వాళ్ళ గొప్పలు ఎప్పుడూ నేను వినడమే. ఈసారి నోరు తెరిచి, "మా తమ్ముడు బందరు వసతి గృహానికి ఇన్‌ఛార్జి అండీ" అన్నాను. ఇన్‌ఛార్జి అనొచ్చా? అనేశాను.

ఒక్క మాట చెప్తా, విను. అలాంటి చోట జాగ్రత్తగా ఉండు. అక్కడ ఉండేవాళ్ళతో కలిసి కూర్చుని తినకు. నీ గ్లాసు వేరే పెట్టుకో. తాగి పడిపోయేవాళ్ళు, పనంటే ఒళ్ళొంగనివాళ్ళు, ఇంట్లో గొడవపడి వచ్చేసినవాళ్ళు, అందరూ అక్కడికే చేరతారట. షాపులో రోజంతా నిలబడి సంపాదించి పన్ను కడుతుంటే గవర్నమెంటు వాళ్ళని కూర్చోబెట్టి మేపుతోందని మా వెంకట్ విసుక్కుంటాడు. నువ్వు జీతానికి చేస్తున్నావు కాబట్టి నీ సంగతి వేరు.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. కాలవకి నీళ్ళు వదల్లేదు. మాగాయ పెట్టాను, బందరు వచ్చేవాళ్ళు దొరికితే పంపిస్తాను.

దీవెనలతో
అక్క సత్యవతి

*

బందరు
4 జూలై

అక్కా,

ఉత్తరం అందింది. ఇన్‌ఛార్జి అనకు, అంత పెద్ద మాట వద్దు. ఏదో ఉన్నానంతే. రత్నకుమారి గారి దగ్గర నా ఊసు ఎక్కువగా ఎత్తకు.

ఇక్కడివాళ్ళ గురించి నువ్వు రాసిన ముక్క చదివి రెండ్రోజులు జవాబు రాయలేకపోయాను. తాగేవాళ్ళు లేరని అనను. పున్నమ్మ అని ఒకావిడ ఉంది, మీ దివిసీమ మనిషే, కోడూరు అవతల. కొడుకు బస్సెక్కించి, మంచినీళ్ళు తెస్తానని దిగి మళ్ళీ ఎక్కలేదట. ఇప్పటికీ వాడికి ఆ బస్సు దొరకలేదనే చెప్తుంది. ఎవరైనా అన్నం పెట్టడానికొస్తే ఆవిడ దీవెనలు వినాలి. పిల్లలకి పెళ్ళిళ్ళు చేసేస్తుంది, పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు తీసేస్తుంది. వాళ్ళు వెళ్ళాక "గట్టిగా దీవిస్తే మళ్ళీ వస్తారయ్యా" అంటుంది.

పెడన నుంచి వచ్చిన అద్దకం పనివాడు కూడా ఒకడున్నాడు. నలభై ఏళ్ళు పని చేశాడు. తాగడు. చోటు పోయింది, బస్టాండులో కొన్నాళ్ళు పడుకున్నాడు. అక్కడే ఫోనూ చెప్పులూ పోగొట్టుకున్నాడు. అతనికి ఒళ్ళొంగదని ఎవరూ అనలేరు.

ఇప్పుడు అసలు కష్టం వేరే. ఈ గృహం నడిచేది గవర్నమెంటు ఇచ్చే సొమ్ముతో. అది చాలాకాలంగా పైనుంచి రావడం లేదు. సంతకం ఎక్కడో ఆగిందంటారు. లావణ్య గారు జీతం లేకుండానే వస్తున్నారు. వంటమనిషి మానేసింది. రెండుపూటల భోజనం ఒక పూటయింది. ఇలాగే ఉంటే తలుపులు మూసి అందరినీ పంపెయ్యాలంటూ ఆవిడ నిన్న కళ్ళు తుడుచుకుంది. ఎక్కడికి పంపిస్తారు?

పుట్టినరోజులకీ తద్దినాలకీ ఎవరైనా వచ్చి వండి పెడితే ఆ రోజు గడుస్తోంది. అడగడానికి రాయలేదు, ఊరికే చెప్తున్నాను.

కాంతారావు

*

అవనిగడ్డ
15 జూలై

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు నోరు తెరిచి అడగలేదు గానీ నాకు అర్థం కాదా? నువ్వు పనిచేసే చోటు మూతపడే స్థితిలో ఉంటే నేను చూస్తూ కూర్చుంటానా?

మీ బావగారి సంవత్సరీకం శ్రావణ శుద్ధ దశమికి వస్తోంది కదా. తద్దినం ఇంట్లో పెడతాం. మర్నాడు మీ వసతి గృహంలో అందరికీ భోజనాలు! వెంకట్ మొదట గునిశాడు. "అలాంటి చోటికి ఎందుకమ్మా, గుళ్ళో చేద్దాం" అన్నాడు. మీ మావయ్య పరువు నిలబెట్టాలిరా అన్నాను. రత్నకుమారి గారు కూడా గుడివాడ నుంచి వస్తామన్నారు. నువ్వు నాతోపాటు వడ్డించాలి. బావగారంటే నీకెంత ప్రాణమో నాకు తెలుసు, ఆయన పేరున నీ చేత్తో వడ్డిస్తే ఆయనకి తృప్తి.

ఇంకో సంగతి. ఏడాది తిరిగాక ఆడపిల్లకి పుట్టింటి చీర పెట్టాలి. నాకు పుట్టిల్లంటే నువ్వే కదరా. ఖరీదైనది అక్కర్లేదు, నూలు చీరైనా చాలు. రత్నకుమారి గారి ముందు నా తమ్ముడు చీర పెట్టాడని అనిపించుకుంటే చాలు.

ఆ పెడన అద్దకం మనిషి ఎవరురా? ఎవరి తాలూకు? మనవాళ్ళే అయ్యుంటారు. నాన్నగారి అద్దకం బల్ల దగ్గర పనిచేసినవాళ్ళలో ఒకడేమో. తలుచుకుంటే గుండె తరుక్కుపోతోంది. అతనికి అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ లేరా? ఉంటే వాళ్ళకి సిగ్గుండద్దూ? తోడబుట్టినవాడు దిక్కులేనివాళ్ళలో కూర్చుని తింటుంటే ఆ అన్నం వాళ్ళకి ఎలా దిగుతోంది? నాకు కనపడితే నాలుగు దులిపేద్దును.

దీవెనలతో
అక్క

*

బందరు
22 జూలై

అక్కా,

వద్దని రాయడానికే కూర్చున్నాను. మోపిదేవి గుళ్ళో పెట్టుకోండి, ఇక్కడ ఇరుకు, రత్నకుమారి గారు ఇబ్బంది పడతారు అని మొదటి పేజీ రాసి చింపేశాను.

ఈ వారంలో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. లావణ్య గారు ఇంటి నుంచి గంజి కాచి తెచ్చారు. శ్రావణంలో అవనిగడ్డ నుంచి ఎవరో వస్తున్నారని ఆవిడ నోటినుంచి వచ్చింది మొదలు, పున్నమ్మ పొద్దున్నే లేచి "ఈరోజేనా? ఈరోజేనా?" అని అడుగుతోంది. నా ఒక్కడి మొహమాటానికి అందరి కంచాల్లో అన్నం ఆపమని ఎలా రాయను?

రండి. గారెలు చేయించు, ఇక్కడివాళ్ళు తిని చాలాకాలమైంది.

నేను మాత్రం ఆ రోజు ఉంటానో లేదో. నిధుల పనిమీద విజయవాడ పంపించేలా ఉన్నారు. నేను లేకపోయినా మీరు ఆగకండి. చీర లావణ్య గారి చేతికి ఇచ్చి వెళ్తాను.

ఆ పెడన మనిషి ఎవరని అడిగావు. పేరు చెప్పుకోవడం అతనికి ఇష్టం లేదు. తోడబుట్టినవాళ్ళని ఏమీ అనొద్దన్నాడు. వాళ్ళకి తెలియదట.

కాంతారావు

*

అవనిగడ్డ
8 ఆగస్టు

తమ్ముడూ,

మీ బావగారి కార్యక్రమం బాగానే జరిగింది. నువ్వు లేని లోటొక్కటే. విజయవాడ వెళ్ళారని ఆ లావణ్య గారు చెప్పారు. చెప్పేటప్పుడు పాపం నేలచూపులు చూశారు.

చీర అందింది. నాన్న మామిడి పిందె అచ్చు వేశావు అంచంతా. రత్నకుమారి గారు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "చేత్తో వేసిందేనా అండీ? ఇప్పుడెక్కడ దొరుకుతోంది?" అన్నారు.

హాలు శుభ్రంగా ఉంది. అందరినీ వరసగా కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. వెంకట్ ఫోన్లో ఫోటోలు తీశాడు. గారెలు సరిపోయాయి. పున్నమ్మ నన్ను గట్టిగా దీవించింది. తోడబుట్టినవాళ్ళు నిండుగా ఉండాలంది.

పాయసం చివరిదాకా నేను వడ్డించలేదు. కళ్ళు తిరిగినట్టయి గరిటె శ్రావ్యకి ఇచ్చేశాను. తర్వాత ఎక్కువసేపు ఉండలేదు. ఎండకి అనుకున్నారు అందరూ. ఇంటికొచ్చి పడుకున్నాను.

ఒంట్లో బాగానే ఉంది. ఇంకేమీ రాయాలని లేదు.

అక్క

*

బందరు
12 ఆగస్టు

అక్కా,

నీ ఒంట్లో బాగాలేదని చదివి ఇక ఆగలేకపోయాను. ఆ మధ్యాహ్నం నీకేమైందోనని నాకూ అన్నం దిగలేదు. ఎలా తెలుసంటావా? నేను విజయవాడ వెళ్ళలేదు. అక్కడే ఉన్నాను, వరసలో చివర.

ఇక్కడ నాకు ఉద్యోగం లేదక్కా, జీతమూ లేదు. మంచం, పెట్టె, దుప్పటి అందరికీ ఇచ్చినట్టే నాకూ ఇచ్చారు. మొదటి ఉత్తరంలో ఉన్నదున్నట్టే రాశాననుకున్నాను. నువ్వు కొలువు అనుకుని సంబరపడితే కాదని రాయాలని కలం పట్టుకున్నాను. సిగ్గేసింది. నిన్ను వియ్యాలవారి ముందు చిన్నబుచ్చడం ఎందుకని కొంత, నా సిగ్గు కొంత. రెండోదే ఎక్కువ. ఆ పెడన మనిషిని నేనే.

ఆ రోజు బయటికి వెళ్ళిపోదామనే అనుకున్నాను. లావణ్య గారి చేత అబద్ధం ఆడించాను, ఆవిడకి ఇష్టం లేకపోయినా. గేటు దాటాను కూడా. మీరు గిన్నెల మూతలు తీశారు. ఇంగువ పోపు వాసన వచ్చింది, అచ్చం అమ్మ పులిహోర. నీ చేతి అన్నం తిని ఏడాదైంది. కాళ్ళు కదల్లేదు. వెనక్కొచ్చి, తలమీదుగా తువ్వాలు కప్పుకుని పున్నమ్మ పక్కన కూర్చున్నాను. గుర్తుపడితే పట్టనీ అనుకున్నాను. గుర్తుపట్టాలనీ అనుకున్నానేమో, ఇప్పుడు సరిగా చెప్పలేను.

నువ్వు వచ్చావు. పులిహోర వేసి, "ఇంకొంచెం వెయ్యనా పెద్దాయనా?" అన్నావు. నీకన్నా చిన్నవాణ్ణి. నేను తల ఎత్తలేదు, చేత్తో చాలన్నాను. నువ్వు కాసేపు అలాగే నిలబడ్డావు. తర్వాత పక్కకి వెళ్ళిపోయావు.

నువ్వు గుర్తుపట్టలేదు, తప్పు నీది కాదు. వరసలో కూర్చున్నవాళ్ళ ముఖాలు ఎవరు చూస్తారు? విస్తరి చూసి వడ్డిస్తారు. గేటు దగ్గరికొచ్చిన వాళ్ళని నేనూ అలాగే చూసేవాణ్ణి ఒకప్పుడు.

రత్నకుమారి గారికి ఏమీ చెప్పకు. విజయవాడ బదిలీ అయిందని చెప్పెయ్యి.

నీ
కాంతారావు

*

అవనిగడ్డ
21 ఆగస్టు

కాంతారావూ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చాలాసార్లు ఆపేశాను. ఎలా పిలిచి మొదలుపెట్టాలో తెలియలేదు.

నేను గుర్తుపట్టానురా.

ముఖం చూడలేదు నిజమే. నువ్వు చాలని చెయ్యి అడ్డం పెట్టావు. అరచేతి పక్కన, చిటికెన వేలి కింద, అచ్చు మీద గుద్ది గుద్ది కట్టిన కాయ. నాన్న చేతికీ అక్కడే ఉండేది. చిన్నప్పుడు దాన్ని తడుముతూ నిద్రపోయేదాన్ని. దివిసీమలో ఎవరికీ లేదు ఆ కాయ. గోళ్ళల్లో నల్లరంగు ఇంకా పోలేదు. అంతకు కాసేపటి ముందు నా చేతికొచ్చిన చీర అంచు రంగే అది.

నిలబడిపోయాను. నా వెనకే రత్నకుమారి గారు గారెల పళ్ళెం పట్టుకుని ఉన్నారు. "ఏమైందండీ, ఎవరతను?" అన్నారు. "ఎవరో పెద్దాయన, చాలంటున్నాడు" అన్నాను. ఆ మాట నువ్వు విన్నావో లేదో. విననట్టు రాశావు. విని ఉంటే నా కోసం దాచావు.

నా తమ్ముణ్ణి నా ఎదురుగా పెట్టుకుని ఎవరో అన్నాను. నీ కొలువు గొప్ప చెప్పుకున్న నోటితోనే అన్నాను. ఇంటికొచ్చి పడుకుని, నువ్వు విజయవాడ వెళ్ళావని నమ్మినట్టే నీకు ఉత్తరం కూడా రాశాను. నువ్వు అబద్ధమాడింది అన్నం కోసం, పదిమంది అన్నం కోసం. నేను దేనికోసం ఆడాను? వియ్యపురాలు ఏమనుకుంటుందోనని. తలకొట్టేసినట్టుంది నాకు. అద్దంలో ముఖం చూసుకోవడం లేదు.

ఆ పెడన మనిషి తోడబుట్టినవాళ్ళకి సిగ్గుండద్దూ అని రాశానే, నీ ఉత్తరం వచ్చాక నా మాటలే నాకు వినపడుతున్నాయి. నాలుగు దులిపేద్దునన్నాను. ఇప్పుడు దులుపుకుంటున్నాను.

నిన్న వెంకట్‌ని కూర్చోబెట్టి చెప్పాను. వాడు ఆ ఫోటోలు తీసి చూశాడు. ఒకదాంట్లో నీ తువ్వాలు, నీ చెయ్యి ఉన్నాయి. ఆ ఫోటోలు షాపు పేరు పెట్టి అందరికీ పంపుకున్నాడట, వాటిని తీసేస్తూ "మావయ్యకి ఎలా కనపడనమ్మా" అన్నాడు. గుడివాడకి నేనే ఫోన్ చేయించాను. స్పీకర్లో పెట్టించి, వీధంతా వినేలా నేనే చెప్పాను. "ఆ రోజు చాలన్నది మా తమ్ముడండీ, నేను మీ ముందు ఒప్పుకోలేకపోయాను" అన్నాను. రత్నకుమారి గారు ఏమన్నారో నా చెవికి అందలేదు. శ్రావ్యని అడగలేదు.

ఇంటికి వచ్చెయ్యమని రాయాలి. రాయడానికి ముఖం చెల్లడం లేదు. ఎవరో అన్న మనిషి ఇంటికి నువ్వెందుకు రావాలి?

వచ్చే గురువారం నేను వస్తున్నాను. ఒక్కదాన్నే, చల్లపల్లి మీదుగా బస్సులో. నీ చీర కట్టుకుని వస్తాను. వండి తేను, వడ్డించను. ఆ రోజు మీకు ఏముంటే అది, గంజయినా సరే, పున్నమ్మ పక్కన, నీ పక్కన కూర్చుని తింటాను. పున్నమ్మ కాస్త చోటిస్తుందా?

ఏమని సంతకం పెట్టాలో తెలియక
సత్యవతి

*

బందరు
25 ఆగస్టు

అక్కా,

ఇంకోసారి అలా సంతకం పెట్టకు.

నువ్వన్న మాట విన్నాను. నువ్వు నిలబడిపోయినప్పుడే గుర్తుపట్టావని కూడా తెలుసు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఉంచింది చాలని కాదేమో. ముఖం చూపించే ధైర్యం లేక చెయ్యి చూపించాను. వెళ్ళిపోయావు. నొప్పి కలిగింది, కాదనను. ఆ రాత్రి నీమీద కోపం తెచ్చుకోబోయి, నేను ఇన్నాళ్ళూ నా గురించి ఎవడో పెడన మనిషని రాసింది గుర్తొచ్చింది. నన్ను ఎవరో అని ముందు అన్నది నేనే.

ఆగిన సొమ్ములో కొంత మొన్న వచ్చింది. లావణ్య గారు పొయ్యికి పసుపు రాశారు. రేపట్నుంచి రెండుపూటలూ వంట ఉంటుంది. వచ్చే నెలల సంగతి దేవుడికే తెలియాలి. వెంకట్‌ని కనపడమను. వచ్చేటప్పుడు ఫోను షాపులో పెట్టి రమ్మను.

ఇంటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. తొందర లేదు. ఇక్కడ మంచం నాది, నేను లేచేదాకా ఎవరూ లెమ్మనరు.

గురువారం రా. పున్నమ్మ చోటిస్తానంది, నీ మోకాళ్ళు కూడా బాగు చేస్తానంది. మాగాయ జాడీ మర్చిపోకు, అందరికీ సరిపోయేంత తే.

నేను మాత్రం నీ పక్కన కూర్చోను. ఆ రోజు వడ్డన నాది. వరసలో నీ ముందుకి వచ్చి "ఇంకొంచెం వెయ్యనా అక్కా?" అని నోరారా పిలిచి అడుగుతాను. నువ్వు తలెత్తి చూడు.

నీ తమ్ముడు
కాంతారావు